అత్తమ్మ పాట, నా ఢోలక్

ఆ ఢోలక్ మా ఇంటికి వచ్చిన రోజు నాకు దాని మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. అది మా ఆడవాళ్ల భజన మండలిలో వాయించే అక్కది. సూరత్‌లో కరోనా లాక్‌డౌన్‌తో మగ్గాలన్నీ బంద్ అయి, కొన్నాళ్లకు రైళ్లు మళ్లీ నడుస్తున్నాయని తెలియగానే ఆ అక్క కుటుంబం సిరిసిల్ల దిక్కున్న సొంతూరికి బయలుదేరింది. గిన్నెలు, బొంతలు, గ్యాస్ పొయ్యి అన్నీ మూటలు కట్టుకున్నాక ఢోలక్ ఒక్కటే మిగిలిపోయింది. దాన్ని పాత చీరలో చుట్టి మా గుమ్మం దాకా మోసుకొచ్చింది. మూతికి కట్టుకున్న కొంగు తీయకుండానే చెప్పింది.

"జర చూసుకో చెల్లే. ఎల్కలు కొర్కకుండ మీద పెట్టు. అప్పుడప్పుడు రెండు దెబ్బలు కొట్టు, లేకుంటే తోలు సల్లబడ్తది."

"నాకు వాయించుడు రాదు గదక్కా."

"వాయించమన్ననా? కొట్టమన్న."

నేను పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. మా నాన్న మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లయ్యాక పర్వత్ పాటియా దగ్గర ఒక సందులో, రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లోకి వచ్చాను. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. నేను మార్కెట్ నుంచి వచ్చే చీరలకు ఇంట్లోనే మిషను మీద లేసు కుడతాను. మామయ్య పోయాక అత్తమ్మ ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేసింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆమె బీడీలు చుట్టింది. బీడీలతో పాటు పాటలూ వచ్చాయి. ఎన్ని పాటలొచ్చో ఆమెకే తెలియదు. మండలిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునేది ఆమె. నేను వెనక వరస. అందరూ ఎక్కడ చప్పట్లు కొడితే నేనూ అక్కడే కొట్టేదాన్ని. ఒక చప్పట అటో ఇటో పడినా ఎవరికీ తెలియని చోటు అది. నాకు చాలా నచ్చిన చోటు.

మగ్గాలు ఆగిపోయాక మా సందులో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, కింద ఎవరింట్లో పోపు వేస్తున్నారో పైకి వినిపించేది. అందరూ హాయిగా ఉందనుకున్నారు. మా ఆయనకు మాత్రం నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టు చేసి, పగలు పక్క కార్ఖానా ధడధడల మధ్య పడుకోవడం అలవాటైన మనిషి. మధ్యాహ్నం చాప మీద అటూ ఇటూ దొర్లి లేచి కూర్చున్నాడు.

"ఏమే, చప్పుడు లేకుంటే నిద్ర వస్తలేదు. గా ఢోలక్ ఉన్నది గద, జర కొట్టరాదూ."

మొగుడిని నిద్రపుచ్చడానికి ఢోలక్ ముట్టుకున్న దాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. తోచినట్టు కొట్టాను. అతను నిజంగానే గుర్రు పెట్టాడు. నాకు అవమానంగా అనిపించింది. మర్నాడు ఫోన్‌లో ఒక హిందీ మాస్టారు పాఠం వెతికి పెట్టుకున్నాను. ఎనిమిది మాత్రల కహర్వా తాళం. ధా గె న తి, న క ధి న. కుడి చేతి వేళ్లు, ఎడమ అరచేయి, మళ్లీ వేళ్లు. నోటితో అంటూ వాయించాలి అన్నాడాయన. నేను నోటితో అంటూ వాయించాను. వారం తిరిగేసరికి ఎనిమిదీ వరసగా వచ్చేశాయి. ఇంకేముంది, వచ్చేసిందనుకున్నాను.

సమస్య కింది ఇంటి నుంచి మొదలైంది. కింద ఒక గుజరాతీ ఆవిడ ఉంటుంది. అందరూ ఆమెను బేన్, అంటే అక్క, అంటారు; ఆమె కూడా అందరినీ అలాగే పిలుస్తుంది. నేను వాయించడం మొదలుపెట్టిన కాసేపటికి వంటింటి కిటికీలోంచి కేక వచ్చేది.

"ధీమే, బేన్, ధీమే!"

గుజరాతీలో ధీమే అంటే మెల్లగా అని. పాపం, చప్పుడు ఎక్కువైందేమో అనుకుని ఢోలక్ కింద తువ్వాలు మడిచి పెట్టాను. మర్నాడు మళ్లీ "ధీమే!" తలుపు వేశాను. వేళ్ల కొసలతో వాయించాను. ఎలుకలు కూడా నిద్ర లేవనంత నెమ్మదిగా వాయించాను. అయినా "ధీమే!" ఆగలేదు. చివరికి ఒకరోజు పాలకోసం దిగుతుంటే మెట్ల మీద ఎదురుపడింది. మాస్కు సర్దుకుని క్షమించమన్నాను, ఇంకా తగ్గిస్తానన్నాను.

ఆమె తల కొట్టుకుంది. "అవాజ్ నహీ, బేన్! స్పీడ్! మై తాలీ బజాతీ హూఁ, తుమ్ భాగ్ జాతీ హో!"

సంగతేమిటంటే, ఆమె రొట్టెల పిండి కలిపి పెట్టి నా ఢోలక్‌కు గర్బా ఆట చప్పట్లు కొట్టుకుంటోందట. నేను మెల్లగా మొదలుపెట్టి, నాలుగు వరసలయ్యేసరికి పరుగు అందుకుని, ఆమెను దారిలోనే వదిలేసి పోతున్నానట. మన తెలుగులో మెల్లగా అన్నట్టే వాళ్ల ధీమే కూడా చప్పుడుకూ వర్తిస్తుంది, వేగానికీ వర్తిస్తుంది. అన్ని రోజులూ నేను తప్పుడు అర్థం పట్టుకుని తువ్వాళ్లు మడుస్తూ కూర్చున్నాను.

నేను నమ్మలేదు. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను.

"ఉరుకుతున్ననా నేను?"

"నాకేం ఎర్క? నేను పండుకుంటున్న గద."

ఫోన్‌లో రికార్డు పెట్టి వాయించి విన్నాను. బేన్ చెప్పింది అక్షరాలా నిజం. బస్సు వెళ్లిపోతుందని పరిగెత్తే మనిషిలా ఉంది నా వాయింపు. వాయిస్తున్నప్పుడు ఇది ఎందుకు తెలియలేదో అర్థం కాలేదు. నా చెవులు నా చేతుల వెంటే పరిగెత్తి ఉంటాయి.

అప్పుడు మా ఆయన టిక్కు టిక్కుమనే యాప్ ఒకటి ఫోన్‌లో ఎక్కించాడు. దానికి ఎంత వేగం చెబితే అంత వేగంతో కొడుతూనే ఉంటుంది. అలసిపోదు, ఉత్సాహపడదు. దానితో కలిపి వాయిస్తే బాగానే పడింది. అది ఆపగానే మళ్లీ పరుగే. దాన్ని పట్టుకుని నడుస్తున్నానే తప్ప నాకు నడక రాలేదన్నమాట. దీనికి మా ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. పని లేక ఇంట్లో ఉన్న మనిషి, అతనికీ ఏదో ఒకటి కావాలి. టిక్కు టిక్కుమంటున్న ఫోన్ మీద దిండు పెట్టి, దాని మీద కూర్చునేవాడు. చప్పుడు వినపడేది కాదు. నేను వాయిస్తూనే ఉండాలి. కాసేపయ్యాక లేచి దిండు తీసేవాడు. అప్పటికి ఫోనూ నేనూ కలిసే ఉన్నామా లేదా అన్నది ఆట.

మొదట్లో ప్రతిసారీ నేనే ముందుండేదాన్ని.

"మళ్ల ఉరికినవ్."

"నువ్వు మస్తుసేపు కూసున్నవ్ దాని మీద."

"నేను ఎంతసేపు కూసుంటే ఏంది? అది ఆడనే ఉన్నది. పోయింది నువ్వు."

అతను చెప్పింది కోపం తెప్పించేదే అయినా ఆలోచింపజేసింది. ఎక్కడ పరుగు మొదలవుతోందని ఒక్కో దెబ్బా గమనించుకున్నాను. దెబ్బల దగ్గర కాదు. రెండు దెబ్బల మధ్య ఉండే ఖాళీ దగ్గర. ఆ ఖాళీలో చేతికి పని ఉండదు. ఏదో మర్చిపోయినట్టు, ఎవరో నా కోసం చూస్తున్నట్టు కంగారుగా ఉండేది. ఆ కంగారులో తర్వాతి దెబ్బను ముందుకు లాక్కునేదాన్ని. తెలిశాక వాయించడం మానేసి, టిక్కు టిక్కుకు ఉత్త చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. కొట్టినంత శ్రద్ధగా కొట్టకుండా ఉండటం. కూర్చుని కూరగాయలు తరుగుతూ, డాబా మీద బట్టలు ఆరేస్తూ, కాలితో ఒకటి రెండు మూడు నాలుగు లెక్కపెట్టుకుంటూ తిరిగాను. ఒక మధ్యాహ్నం దిండు తీస్తే ఫోనూ నేనూ ఒకే అడుగులో ఉన్నాం. మా ఆయన దిండు ఎగరేసి పట్టుకున్నాడు. కింది నుంచి బేన్ చప్పట్లు ఆగకుండా వినిపించాయి.

వానాకాలం వచ్చేసరికి మగ్గాలు కొద్దికొద్దిగా మొదలయ్యాయి, లేసు పని మళ్లీ వచ్చింది. ఢోలక్ అక్క ఫోన్ చేసి తామిక తిరిగి రావడం లేదని, అక్కడే పని దొరికిందని, ఢోలక్ నన్నే ఉంచుకోమని చెప్పింది. "తోలు సల్లబడ్డదా?" అని అడిగింది. లేదన్నాను. అప్పటికి తాడుకున్న కడియాలు లాగి తోలు బిగించడం కూడా నేర్చుకున్నాను.

మండలి వాళ్లు కలవక చాలా నెలలైంది. అందరం ఫోన్‌లో గ్రూపు కాల్ పెట్టుకుని భజన చేద్దామని ఎవరో అన్నారు. నాకు నా తాళం చూపించుకోవాలని తహతహ. మొదలుపెట్టాం. నా దెబ్బ వాళ్లకు కాస్త ఆలస్యంగా చేరేది. దానికి వాళ్లు పాడింది నాకు ఇంకా ఆలస్యంగా చేరేది. పాపం మంచి మనుషులు కాబట్టి వాళ్లు నా కోసం ఆగేవారు, నేను వాళ్ల కోసం ఆగేదాన్ని. ఇలా ఒకరి కోసం ఒకరం మర్యాదగా ఆగి ఆగి, పాట ఎద్దుబండి కంటే నెమ్మదైపోయి రెండో చరణంలో పూర్తిగా నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరింట్లోనో కుక్కర్ మూడు విజిళ్లు వేసింది. మూడూ తాళంలో పడ్డాయి. నవ్వి నవ్వి ఫోన్లు పెట్టేశాం.

"గీ ఫోన్ల ముచ్చట వద్దు," అంది అత్తమ్మ. "మనం ఇద్దరం ఇంట్లనే ఉన్నం గద. నేను పాడుత, నువ్వు కొట్టు."

అదే నేను చేసిన పెద్ద పొరపాటుకు ముహూర్తం. యాప్ పెట్టి, దాని చప్పుడు నాకొక్కదానికే వినపడేలా చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ పాట ఎత్తుకుంది. మొదటి వరస బాగానే పోయింది. రెండో వరస చివర ఆమె గొంతు సాగదీసింది, నేను సాగదీయలేదు. ఆమె పరిగెత్తి నన్ను అందుకుంది. ఇంకో రెండు వరసలయ్యాక మళ్లీ అదే. మూడోసారి పాట ఆపేసింది.

"ఓ పిల్లా, నన్ను ఎటు గుంజుకపోతున్నవ్?"

"గుంజుతలేను అత్తమ్మా. నా తాళం కరెక్టుగనే ఉన్నది. కావాల్నంటే ఫోన్ల సూడు."

"ఫోనుకు పాటొస్తదా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆమె కొడుకు వైపు చూసింది.

"నాకైతే ఇద్దరిది మంచిగనే ఇనవడ్డది," అన్నాడతను. దాంతో ఇద్దరికీ అతని మీదే కోపం వచ్చింది.

ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో ఢోలక్ మోగలేదు. అన్నం తిన్నావా, నీళ్లొచ్చాయా అనే మాటలు తప్ప మా ఇద్దరి మధ్య మాటల్లేవు. కానీ అత్తమ్మ పాడకుండా ఉండలేదు. తోటకూర ఏరుతూ గోడవైపు తిరిగి పాడుకునేది. నేను మిషను ఆపి, చూడనట్టు వినేదాన్ని. ఆమె తాళం తప్పుతోందని నిరూపించాలని నా ఉద్దేశం. తొడ మీద వేలితో కొట్టుకుంటూ లెక్కపెట్టాను. తప్పలేదు. వరస మధ్యలో ఎక్కడా జారలేదు. సాగదీసేది మాత్రం ప్రతి రెండో వరస చివరే. సాగదీసేదీ ప్రతిసారీ ఒకే కొలత.

సాగదీసినప్పుడల్లా ఆమె ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ తోటకూర వదిలేసి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి.

"అత్తమ్మా," అన్నాను, పంతం మర్చిపోయి. "బీడీకి దారం చుట్టేటప్పుడు పాట సాగదీసేదానివా?"

"గట్లెందుకుంటది? పాట పాటనే, బీడీ బీడీనే."

"మళ్లొకసారి పాడు. నీ చెయ్యి సూసుకుంట పాడు."

పాడింది. రెండో వరస చివరికొచ్చేసరికి ఆమె తన వేళ్లవైపు చూసింది. వేళ్లు తిరిగాయి. ఆమె పాట మధ్యలో నవ్వేసింది.

"ఏమో బిడ్డా. ఉంటే ఉండచ్చు. పది మందిమి అరుగు మీద కూసోని చుట్టుకుంట పాడేటోళ్లం. అందరం ఒక్కసారే సాగదీసేటోళ్లం."

ఆ సాయంత్రం ఢోలక్ తీశాను, ఫోన్ అలమరలో పెట్టాను. ఎక్కడ ఆగాలో, ఎంత ఆగాలో తెలిశాక ఆమె పాట కింద వాయించడం హాయిగా ఉంది. ఒక బీడీకి దారం చుట్టేంత సేపు ఎడమ అరచేయి తోలు మీద ఆనించి ఉంచడం, ఆమె గొంతు దిగగానే మళ్లీ అందుకోవడం. ఫోన్ నేర్పిన నడక లేకపోతే అదీ చేయలేకపోయేదాన్ని. ఆగిన చోటి నుంచి అదే వేగంతో బయలుదేరాలి కదా. మొదటిసారి అత్తమ్మ కళ్లు మూసుకుని పాడింది.

రెండో ఏడు ఎండాకాలం ఆ జబ్బు మా ఇంటి మీదికీ వచ్చింది. ముందు మా ఆయనకు జ్వరం, తర్వాత అత్తమ్మకు. అతను తేరుకున్నాడు. ఆమెకు ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో మంచం కోసం తిరగడం, ఆక్సిజన్ పెట్టిన కబురు విని గేటు బయట నిలబడటం, లోపలికి పోనివ్వకపోతే ఫోన్‌లో ఆమె ముఖం చూడటం. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పను. అందరిళ్లలోనూ జరిగిందే. మా అదృష్టం, ఆమె ఇంటికి తిరిగొచ్చింది.

వస్తూ వస్తూ మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చుకుంది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. ఒక బంతి లేచేది, రెండోది కదిలేది, మూడోది ఆమెను పట్టించుకునేదే కాదు.

"గీ గోళీలతోని నాకేం పని? నేనేమన్న చిన్నపోరినా?" అని దాన్ని కిటికీలో పెట్టేసింది. "ఊపిరి పీల్చుడే గద కావాల్సింది. పాట పాడుత. ఢోలక్ తియ్యి."

తీశాను. ఒక వరస మొత్తం ఒకే ఊపిరిలో పాడే మనిషి, సగంలోనే ఆగిపోయింది. గాలి పీల్చుకుని మిగతా సగం పాడింది. ఆమె ముఖం చిన్నబోయింది. మర్నాడు పాడనంది. నేనే బతిమాలి కూర్చోబెట్టాను. ఈసారి నేను ఆమె చేతిని కాదు, భుజాలను చూస్తూ వాయించాను. ఊపిరి అయిపోయే ముందు ఆమె భుజాలు కాస్త పైకి లేచేవి. అది కనపడగానే ఎడమ అరచేతి కింది అంచుతో తోలును నొక్కి గుమ్మ్‌మని ఒక చిన్న మెలిక వేసి, కుడిచేతి వేళ్లతో నాలుగు గింజలు రాల్చినట్టు వాయించేదాన్ని. సరిగ్గా ఆమె గాలి పీల్చుకునేంత సేపు. వినేవాళ్లకు అది పాటలో ఉన్న సొగసులాగే ఉండాలి, ఆగినట్టు ఉండకూడదు. కొన్నిసార్లు ముందే వేసేసి ఆమె మాట మింగేశాను. కొన్నిసార్లు ఆలస్యమై ఖాళీ అలాగే ఉండిపోయింది. కుదిరిన రోజు మాత్రం మా ఆయన పక్క గదిలోంచి తల బయటపెట్టాడు.

"ఇయ్యాల అమ్మ ఆగలేదేంది?"

"ఆగిన," అంది అత్తమ్మ. "నీకు తెల్వలేదు గంతే." ఆమె మొహం అప్పుడు చూడాలి.

మండలి మళ్లీ కూర్చోవడం మొదలైంది మా డాబా మీద. దూరం దూరంగా, మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని. నన్ను వెనక వరస నుంచి లేపి ముందు కూర్చోబెట్టారు. ఆ మూలనున్నవాళ్ల చప్పట్లు ఈ మూలకు కాస్త వెనకబడి చేరేవి. వాళ్లను వింటే నేను వెనక్కి జారేదాన్ని, వాళ్లను వదిలేస్తే వాళ్లు జారేవాళ్లు. మొదటి దెబ్బకు ముందు గడ్డం పైకెత్తడం అలవాటు చేసుకున్నాను. చెవులతో కాకుండా కళ్లతో అందుకుంటారని. కొందరు నా గడ్డం చూశారు, కొందరు ఆకాశం చూశారు. అయినా పాటలు గట్టున పడేవి. బేన్ కూడా పైకొచ్చి కూర్చునేది. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆమె చప్పట్లు అందరికంటే నికరంగా పడేవి.

చలికాలంలో, సూరత్ శివారులో సచిన్ అనే చోట మా ఆయన తోటి పనివాడు కొత్తగా ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి మండలిని పిలిచాడు. చాలా కాలం తర్వాత అలా ఇంకొకరి ఇంటికి వెళ్లి పాడటం. హాలు నిండా జనం, సున్నం వాసన, మూల నుంచి మూలకు పరిగెత్తే పిల్లలు. నాలుగైదు పాటలయ్యాక అత్తమ్మ తనకు ఇష్టమైనది ఎత్తుకుంది. పొడుగాటి రెండో వరస సగానికి వచ్చింది. ఇక్కడ ఆగుతుందని నాకు కంఠతా వచ్చు. భుజాల వైపు చూడలేదు కూడా. చెయ్యెత్తి, గుమ్మ్‌మని మెలిక వేశాను.

అత్తమ్మ ఆగలేదు. నేరుగా పాడుకుంటూ పోయింది. నా మెలిక ఆమె పాట మీద గిన్నెల బుట్ట బోర్లించినట్టు పడింది. వెనకవాళ్లు సగం మంది నా వెంట, సగం మంది ఆమె వెంట వచ్చి, చప్పట్లు చెల్లాచెదురై అంతా ఆగిపోయింది.

"ఏందే?" అంది అత్తమ్మ నావైపు తిరిగి.

"నువ్వు ఆగుతవనుకున్న."

"ఎందుకాగుత?"

అని, అప్పుడు తనకు తట్టింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. ముక్కుతో నిండుగా గాలి పీల్చి, పెదాలు బిగించి, మెల్లగా వదిలి చూసుకుంది.

"ఔనే," అంది. "వరస మొత్తం పాడిన గద నేను!"

ఎవరో గట్టిగా నవ్వారు. మాతో వచ్చిన బేన్‌కు విషయం హిందీలో చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆమె లేచొచ్చి అత్తమ్మ బుగ్గలు పుణికింది. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు, మొహం మీద సిగ్గు, రెండూ ఒకేసారి.

"మళ్ల మొదలువెట్టు," అంది అత్తమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "ఈసారి నిన్నటి లెక్కల కొట్టకు. నా మొకం సూసి కొట్టు."

మళ్లీ మొదలుపెట్టాం. నేను ఆమె ముఖం మీంచి కన్ను తిప్పలేదు. మొదటి వరస, రెండో వరస, సగం దగ్గర కూడా గొంతు తొణకలేదు. మూడో వరసలో, అంతకుముందు ఎన్నడూ ఆగని చోట, ఊపిరి నిండుగా ఉండి కూడా ఆమె టక్కున ఆగి నన్ను ఓరగా చూసింది. నా చెయ్యి కూడా అక్కడే, గాలిలో ఆగి ఉంది. ఆమె పెదవి కొస నవ్వింది. ఇద్దరం కలిసి తర్వాతి దెబ్బ మీద దిగాం.